పటాన్‌చెరు నీళ్లు: బ్యాక్టీరియాని చంపే మందుని బ్యాక్టీరియాకే అప్పజెప్పిన కథ

ఈరోజు ఒక టాబ్లెట్‌తో మొదలుపెడదాం. సిప్రోఫ్లాక్సాసిన్, 500 మిల్లీగ్రాములు. ఈ స్ట్రిప్ మనలో చాలామంది ఇళ్లలోకి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది.

2007లో జోకిమ్ లార్సన్ అనే స్వీడన్ సైంటిస్ట్, ఇంకో ఇద్దరు కలిసి ఒక పేపర్ పబ్లిష్ చేశారు. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల మురికినీళ్లని శుద్ధి చేసే ప్లాంటు ఉంది. అక్కడ శుద్ధి అయిపోయి బయటికి వస్తున్న నీళ్లని వాళ్లు టెస్ట్ చేశారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు సిప్రో తేలింది. ఆ మాత్ర వేసుకున్న పేషెంట్ రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! మొత్తం మీద రోజుకి సుమారు 45 కిలోలు పోతోందని లెక్క కట్టారు. టాబ్లెట్లలో చెప్పాలంటే 90 వేలు. రోజూ, వాగులోకి.

మరి ప్లాంటు పనిచేయట్లేదా? పనిచేస్తోంది. అసలు విషయం అక్కడే ఉంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1961లో కేంద్రం ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ పెట్టింది. సోవియట్ సాయంతో దాని ప్లాంటు ఒకటి హైదరాబాద్‌లో బాలానగర్ దగ్గర వచ్చింది. 1970లో పేటెంట్ చట్టం మారింది. మందు మీద కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే పేటెంట్ అన్నారు. అంటే వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం వైపు భూములున్నాయి, పక్కనే సిటీ ఉంది. 1980లో ఇందిరాగాంధీ గెలిచింది కూడా ఆ మెదక్ సీటు నుంచే. ఫ్యాక్టరీలు వరసగా లేచాయి. మందులు చవకయ్యాయి. ఇది చిన్న విషయం కాదు, దీన్ని తీసిపారేయడానికి నేను ఒప్పుకోను.

కానీ ఆ నీళ్లు ఇసకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగులోకి, చివరికి మంజీరలోకి వెళ్లాయి. పొలాలు పాడయ్యాయి. పటాన్‌చెరులో ప్రాక్టీస్ చేసిన డాక్టర్ కిషన్‌రావు గారు ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2001లో హైకోర్టుకి పంపారు. ఆ తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్‌కి చేరింది. కేసు మొదలైన ఏడాది పుట్టిన పిల్లలకి ఇప్పుడు పిల్లలున్నారు.

ఈ గొడవల మధ్యే 1994లో ఆ ఉమ్మడి శుద్ధి ప్లాంటు మొదలైంది. ట్యాంకర్లలో నీళ్లు వస్తాయి. ముందు యాసిడ్, క్షారం సరిచేస్తారు, మడ్డి దించుతారు. తర్వాత పెద్ద ట్యాంకుల్లో గాలి కొట్టి బ్యాక్టీరియాని పెంచుతారు. నీళ్లలో ఉన్న సేంద్రియ మురికిని ఆ బ్యాక్టీరియా తింటుంది. ఊళ్ల డ్రైనేజీ నీళ్లకి ఈ పద్ధతి బ్రహ్మాండం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. సిప్రోని తయారుచేసిందే బ్యాక్టీరియాని చంపడానికి. దాన్ని తినమని బ్యాక్టీరియాకే పెడుతున్నాం. అది తినదు. చాలావరకు మడ్డికి అతుక్కుంటుంది, మిగతాది నీళ్లతో పాటు దాటిపోతుంది. పైగా బ్యాక్టీరియా బాగా పెరగాలని ఆ ట్యాంకుల్లో ఇళ్ల మురుగు కూడా కలిపేవాళ్లు. అంటే మన పేగుల్లోని క్రిములని తెచ్చి యాంటీబయాటిక్స్ మధ్య పెంచడం. బతికినవి ఏవో ఊహించుకోండి. 2013లో వచ్చిన ఒక స్టడీలో, ఆ ప్లాంటు నుంచి తీసిన బ్యాక్టీరియా రకాల్లో 86 శాతం, 20 లేదా అంతకన్నా ఎక్కువ యాంటీబయాటిక్స్‌కి లొంగలేదు.

ఇంత జరుగుతుంటే ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? కొలిచింది వేరే కాబట్టి. రూల్స్ ప్రకారం చూసేవి సీఓడీ, బీఓడీ లాంటి మొత్తం అంకెలు. నీళ్లలో మురికి ఎంత ఉందో అవి చెప్తాయి, అది ఏ మురికో చెప్పవు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇది రోజూ చూసేవాణ్ణి. డ్యాష్‌బోర్డ్ అంతా గ్రీన్, కస్టమర్ మాత్రం ఫోన్‌లో తిడుతూ ఉంటాడు.

తర్వాత ప్లాంటు నీళ్లు వాగులో కలవకుండా 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. అది మూసీ ఒడ్డున ఉంటుంది. మంజీరకి తగ్గింది మూసీకి వెళ్లింది. నా లెక్కలో అది శుద్ధి కాదు, అడ్రస్ మార్పు.

నిజంగా వదిలించుకునే దారులున్నాయి. ఓజోన్ పంపితే మందు అణువు ముక్కలవుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ దాన్ని పట్టుకుంటుంది, కానీ ఆ కార్బన్‌ని మళ్లీ కాల్చాలి. ఇంకోటి జీరో లిక్విడ్ డిశ్చార్జ్. నీళ్లని మరిగించి ఆవిరి చేసి, ఆ నీటిని బాయిలర్‌కో కూలింగ్ టవర్‌కో వాడుకుంటారు. అడుగున మిగిలిన ఉప్పుని డంప్‌కి పంపుతారు. బాగానే ఉంటుంది గానీ ఆవిరికి బొగ్గు, కరెంటు బోలెడు కావాలి. ఖర్చు మిగుల్చుకోవాలనుకునేవాడికి రాత్రిపూట ట్యాంకర్ చాలా చవక. అందుకే మెషీన్ కన్నా ముందు కొలత కావాలి. బయటికొచ్చే నీళ్లలో ఏ మందు ఎంత ఉండొచ్చో పేరుపెట్టి రాయాలి.

అలా రాశారు కూడా. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ డ్రాఫ్ట్‌లో 121 యాంటీబయాటిక్స్‌కి ఒక్కోదానికి ఒక్కో లిమిట్ పెట్టారు. మందుల కంపెనీల నీళ్లకి అంత వివరంగా గీత గీయడం అప్పటిదాకా లేదు. 2021 ఆగస్టులో ఫైనల్ నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ పట్టిక లేదు. 2024 సెప్టెంబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థాల మీద మొదటిసారి గైడెన్స్ ఇచ్చింది. గైడెన్స్ అంటే సలహా, చట్టం కాదు.

బొల్లారం, గడ్డపోతారం, కిష్టారెడ్డిపేట వైపు వాళ్లు ఎవరైనా చూస్తుంటే, మీ ఇంటి బోరు నీళ్లు తాగడం ఏ సంవత్సరంలో ఆపేశారో కామెంట్‌లో రాయండి. గుర్తులేకపోతే ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి, వాళ్లకి గుర్తుంటుంది.