తెలంగాణ నేలలో రోమన్ వెండి

హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా సాగే దారి నాగార్జునసాగర్ చేరుతుంది. అక్కడి నాగార్జునకొండలో, అంటే ఇక్ష్వాకుల విజయపురిలో, రోమన్ బంగారు నాణేలు బయటపడగా, రంగారెడ్డికి పొరుగున ఉన్న నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒకేచోట పాతిపెట్టిన 1500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. దినారియస్ అనే ఈ నాణేలలో అత్యధికం అగస్టస్, టిబేరియస్ చక్రవర్తుల కాలానివి. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో వెలువరించిన గ్రంథం ఈ నిక్షేపాన్ని పండితుల దృష్టికి తెచ్చింది.

ఆ ఇద్దరి నాణేలే ఇంతగా పోగుపడడానికి కారణం లోహంలోనే ఉందని చెప్పాలి. అగస్టస్ కాలంలో సుమారు 327 గ్రాముల రోమన్ పౌను వెండితో 84 దినారియస్‌లు ముద్రించేవారు, వెండి దాదాపు మేలిమిదే, క్రీ.శ. 64లో నీరో ఆ సంఖ్యను 96కు పెంచి, రాగి పాలు కూడా హెచ్చించిన తరువాత కొత్త వెండి నాణేలు భారతదేశానికి రావడం బాగా పలచబడింది, బంగారు నాణేలు మాత్రం వస్తూనే ఉన్నాయి. మన దేశంలో దొరికిన పలు రోమన్ నాణేలపై, చక్రవర్తి ముఖం మీదనే, ఉలిగాట్లు కనిపిస్తాయి; వాటిని లోపలి లోహాన్ని పరీక్షించడానికి పెట్టినవని కొందరు, చెలామణి నుంచి తొలగించడానికి పెట్టినవని మరికొందరు భావించారు. ఏదైనా, ఇక్కడి వర్తకుడికి రాజముద్ర కన్నా తూకమూ మేలిమీ ముఖ్యమన్నది స్పష్టం.

సంతలోని చిల్లర బేరాలకు ఈ వెండి అవసరం రాలేదు. వాటికి శాతవాహనుల సీసపు నాణేలూ, రాగి, తగరం, సీసం కలిసిన పోటిన్ నాణేలూ ఉండేవి. సీసానికీ రోమన్ వెండికీ పుట్టుకలోనే సంబంధం ఉంది. రోమన్లు స్పెయిన్ గనులలో కొంత వెండిని సీసపు ఖనిజమైన గెలీనా నుంచి తీసేవారు: ఖనిజాన్ని కరిగించి, గాలి తగిలేలా బాగా వేడిచేస్తే సీసం ఆక్సైడుగా మారి విడిపోయి, వెండి మిగులుతుంది. ఎర్ర సముద్ర వర్తకాన్ని వర్ణించిన పెరిప్లస్ అనే గ్రీకు గ్రంథం, భరుకచ్ఛ రేవుకు దిగుమతయ్యే సరుకులలో రాగినీ తగరాన్నీ సీసాన్నీ పేర్కొంటుంది. ఆ సీసంలో కొంత దక్కను టంకశాలలకు చేరి ఉండవచ్చు, అయితే తెలుగు నేలలోనూ సీసపు ఖనిజం ఉంది కనుక అంతా సముద్రం దాటి వచ్చిందనడం తగదు.

1940ల తొలి ఏళ్లలో హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖ తవ్విన కొండాపూర్‌లో శాతవాహన నాణేలతో పాటు, రోమన్ నాణేలను అనుకరించి మట్టితో చేసిన పతకాలూ లభించాయి. వెండి కొనలేనివారు కూడా ఆ దూరదేశపు బొమ్మను మెడలో ధరించాలని ముచ్చటపడ్డారని వాటిని బట్టి ఊహించవచ్చు.