బొమ్మ బరువు, దారి దూరం

డయలప్ రోజుల్లో ఇంటర్నెట్ వాడినవారికి ఆ ఎదురుచూపులు గుర్తుండే ఉంటాయి. 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద వంద కిలోబైట్ల ఫొటో దిగాలంటే, అన్నీ కుదిరినా దాదాపు 28 సెకన్లు. ముందు నుదురు, తర్వాత కళ్లు కనిపించేవి. గడ్డం వచ్చేలోపు లైను తెగేది. వరల్డ్ వైడ్ వెబ్‌ను 'వరల్డ్ వైడ్ వెయిట్' అని జనం ఊరికే వెక్కిరించలేదు.

ఆ బరువు దించే లెక్క మాత్రం వెబ్ పుట్టకముందే సిద్ధంగా ఉంది. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ 1972లో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ మీద పనికి నిధులడిగితే, అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. ఆలోచన మరీ సాదాగా ఉందట! ఆయన వదల్లేదు. టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావులతో కలిసి 1974లో పరిశోధన పత్రం ప్రచురించారు. 1992లో వచ్చిన ఫొటో ఫార్మాట్ జేపెగ్‌కు ఆయువుపట్టు అదే. ఫొటోను అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కలుండే గడులుగా విడదీస్తారు. ఒక్కో గడిలోని 64 విలువలను తరంగాల లెక్కలోకి మార్చి, కంటికి ఆనని సన్న తేడాలను సున్నా చేసేస్తారు. వరసగా వచ్చే సున్నాలు దాచడానికి చోటెంత కావాలి?

బరువు తగ్గినా దూరం తగ్గలేదు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన హైదరాబాదు నుంచి న్యూయార్క్ వెళ్లి రావడానికే సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. ఒక పేజీ తెరుచుకోవడానికి అలాంటి రాకపోకలు ఎన్నో.

వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1995లో ఎంఐటీలో వెబ్ మీద రద్దీ సమస్యను సహోద్యోగుల ముందు పెట్టారు. ప్రొఫెసర్ టామ్ లైటన్, విద్యార్థి డానీ లూయిన్ దాన్ని పట్టుకున్నారు. దూరం తగ్గాలంటే పేజీల నకళ్లను ఊరూరా సర్వర్లలో పంచిపెట్టాలి. ఒక సర్వర్ పడిపోతే పంపకమంతా మళ్లీ మొదలెట్టాల్సిన పని ఉండకూడదు. అందుకు దారి చూపిన కన్సిస్టెంట్ హ్యాషింగ్ పత్రం 1997లో వచ్చింది. ఎంఐటీ వ్యాపార ప్రణాళికల పోటీలో బహుమతి దక్కకపోయినా, 1998లో అకామై కంపెనీ పెట్టారు. 2001 సెప్టెంబర్ 11న ఉగ్రవాద దాడిలో న్యూయార్క్ జంట టవర్లను ఢీకొన్న మొదటి విమానంలో లూయిన్ ఉన్నాడు. వయసు 31. ఆనాడు వార్తల సైట్లపై విరుచుకుపడిన తాకిడిని కాచుకున్నవాటిలో అకామై సర్వర్లూ ఉన్నాయి.

తర్వాత 2010లో వెబ్‌పీ, 2019లో ఏవిఫ్ ఫార్మాట్లు వచ్చి ఫైళ్లను ఇంకా కుదించాయి. అయినా 1080 చుక్కల వెడల్పున్న ఫోన్ తెరకు 4000 చుక్కల వెడల్పు ఫొటో పంపే సైట్లు నేటికీ కోకొల్లలు. కావలసినదానికి దాదాపు 14 రెట్ల చుక్కలవి. సర్వర్ పక్కవీధిలోనే ఉన్నా, ఆ దండుగ భారం చూసేవారి డేటా ప్యాక్ మీదే. సైటు నడిపేవారు ఫొటో ఎక్కించే ముందు కొలత తగ్గిస్తే చాలు.