కౌంటర్‌పార్టీ రుణ నష్టభయం

కౌంటర్‌పార్టీ రుణ నష్టభయం అనగా డెరివేటివ్ ఒప్పందంలో ఎదుటి పక్షం గడువులోగా దివాలా తీసి, చెల్లించవలసిన సొమ్మును చెల్లించలేకపోవుట వలన నష్టం కలిగే అవకాశం. దీనికి కట్టే వెలను సీవీఏ అంటారు. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమాన్ బ్రదర్స్ దివాలా ప్రకటించిన తరువాత దీని ప్రాధాన్యం పెరిగింది. ఆ సంక్షోభంలో ఇటువంటి నష్టాలలో సుమారు మూడింట రెండు వంతులు సీవీఏ మార్పుల వలన వచ్చినవేననీ, అసలు దివాలాల వాటా మూడో వంతు మాత్రమేననీ బాసెల్ కమిటీ పేర్కొన్నది.

ఉదాహరణ

శ్రీకాకుళం జిల్లా పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫ్రికా నుండి జీడిపిక్కలు దిగుమతి చేసుకొనుటకు, ఆరు నెలల తరువాత లక్ష డాలర్లను 85 రూపాయల చొప్పున కొనేటట్లు ఒక బ్యాంకుతో ఫార్వర్డ్ ఒప్పందం చేసుకున్నాడనుకుందాం. గడువునాటికి డాలరు 88 రూపాయలైతే ఒప్పందం విలువ అతనికి 3,00,000 రూపాయలు. అప్పుడు బ్యాంకు దివాలా తీసి, బాకీలో 40 శాతమే వసూలైతే నష్టం 1,80,000 రూపాయలు. డాలరు 82కు పడితే బాకీదారు వ్యాపారే కనుక, బ్యాంకు దివాలా తీసినా ఆ బాకీపై అతనికి నష్టం లేదు. మామూలు అప్పులో ఎవరు ఎవరికి బాకీయో ముందే తెలుసు. ఇక్కడ అదే తెలియదు. చిక్కంతా ఇందులోనే ఉన్నది.

త్వరిత గణన

సాధారణంగా మాంటీ కార్లో పద్ధతిలో, అనగా యాదృచ్ఛిక సంఖ్యలతో, డాలరు ధర నడిచే బాటలను వేల సంఖ్యలో కల్పించి నష్టాల సగటు తీస్తారు. ఇది నెమ్మదైన పద్ధతి. దోషం పదో వంతుకు తగ్గాలంటే బాటలు 100 రెట్లు కావాలి. పైగా బ్యాంకు దివాలా సంభావ్యత 1 శాతమైతే, 10,000 బాటలలో సుమారు 9,900 బాటలు సున్నానే ఇస్తాయి. ఆ శ్రమ దాదాపు వ్యర్థం.

దివాలాకు కూడా పాచికలు వేయక, ప్రతి బాటలోని బాకీని దివాలా సంభావ్యతతో గుణిస్తే అన్ని బాటలూ పనికివస్తాయి. సగటు మారదు, విస్తృతి తగ్గుతుంది. ఈ ఉపాయాన్ని రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం పేరుతో పిలుస్తారు. ఉత్తరాంధ్రలోనే, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు (1920–2023) 1945లోను, డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లోను దీనిని వేర్వేరుగా ప్రచురించారు. పరీక్షకు చదివి మరచిపోయే సిద్ధాంతాలలో ఇదొకటి కావడం విచారకరం.

ఒప్పందం ఆప్షన్ వంటి జటిలమైనదైతే, ప్రతి బాటలో ప్రతి తేదీన దాని విలువ కట్టుటకు మరల అనుకరణ కావాలి. వెయ్యి బాటలకు లోపల వెయ్యేసి అంటే తేదీకి పది లక్షలు. ఈ లోపలి అనుకరణ బదులు, లాంగ్‌స్టాఫ్, ష్వార్ట్జ్ 2001లో ప్రచురించిన కనిష్ఠ వర్గాల పద్ధతిని అనుసరించి ప్రతిగమన సమీకరణంతో విలువను అంచనా వేయవచ్చు. సమీకరణం సరిగా అమరకపోతే మాత్రం, బాటలు ఎన్ని పెంచినా ఆ దోషం పోదు.

రూపాయి పడినప్పుడే బ్యాంకు కూడా బలహీనపడితే స్థిరమైన 1 శాతంతో గుణించుట తప్పు. ఆయా బాటలోని డాలరు ధరను బట్టి దివాలా సంభావ్యతను వేరువేరుగా తీసుకోవాలి. లేనిచో నష్టం తక్కువగా కనిపిస్తుంది.