నౌకరీ జబాన్ మూడుసార్లు మారింది



చిలకలగూడ పిల్లలకు ఒక అదృష్టం ఉంది, వాళ్లకే తెలియదు. ఒక పక్క సికింద్రాబాద్ స్టేషన్. మెట్టుగూడ దాటి నడిస్తే లాలాగూడ రైల్వే కారఖానా. సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషన్ పేరు ఆర్ట్స్ కాలేజ్, దాని తర్వాతిది జామియా ఉస్మానియా. యూనివర్సిటీ పేరుతో రెండు రైల్వే స్టేషన్లు పక్కపక్కనే ఉన్న మొహల్లాలు మన దేశంలో ఎన్నుంటాయి చెప్పండి?

అయినా ఏటా దస్వీం ఇమ్తెహాన్లు అయిపోగానే మన ఇళ్లలో అదే సవాల్. "ఇప్పుడేం చేయాలి?" జవాబులు కూడా అవే. ఎంపీసీ అయితే ఇంజనీర్, బైపీసీ అయితే డాక్టర్, ఫీజు లేకపోతే మామూ దుకాణం. బేటీ అయితే "ఇంతవరకు చదివింది కదా, చాల్లే." ఇంకో మాట కూడా వింటుంటాం: "పఢ్ లిఖ్ కే క్యా కర్తే?" చదివి ఏం చేస్తారు అని. ఈ మాట బద్ధకంలోంచి పుట్టిందని చాలామంది తిడతారు. నేనలా అనుకోను. దాని వెనక ఒక తారీఖ్ ఉంది. చదివినవాళ్లు కళ్లముందే రోజీ పోగొట్టుకున్నారు, అది చూసిన ఖాందాన్లలోంచి పుట్టిన మాట అది. అందుకే దాన్ని కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం.

1884 దాకా హైదరాబాద్ రియాసత్‌లో సర్కారీ జబాన్ ఫార్సీ. అబ్బా మున్షీ అయితే కొడుకూ మున్షీ. ఇంట్లోనే ఫార్సీ కితాబులు చదివించి, ఖత్ రాయడం నేర్పితే దఫ్తర్‌లో కుర్చీ దొరికేది. 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ వచ్చింది. అప్పటికే మొదటి సాలార్ జంగ్ కాలం నుంచి ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్లను పిలిపిస్తున్నారు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహ్సినుల్ ముల్క్, విఖారుల్ ముల్క్, చిరాగ్ అలీ వంటివాళ్లు అలా వచ్చినవాళ్లే. వాళ్లలో కొందరికి ఇంగ్లీషు వచ్చు, అందరికీ కొత్త ఇంతెజామ్ పద్ధతులు తెలుసు. ఇక్కడివాళ్లకు కోపం వచ్చింది. ముల్కీ, గైర్ ముల్కీ అనే తగాదా అక్కడే మొదలైంది. ఆ తగాదాలో ఎవరిది న్యాయం అన్నది పెద్ద చర్చ, ఇప్పుడు వద్దు. మన విషయానికి కావలసింది ఒక్కటే. ఒకే జబాన్, ఒకే రకం నౌకరీ నమ్ముకున్న ఇంటి పిల్లవాడికి ఒక్క ఫర్మానాతో దర్వాజా మూసుకుపోయింది.

ఆ రోజుల్లోనే చిలకలగూడ పక్కన ఇంకో దర్వాజా తెరుచుకుంది. 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1893లో లాలాగూడ కారఖానా మొదలైంది. దఫ్తర్ నౌకరీ వేరు, కారఖానా నౌకరీ వేరు. ఇక్కడ కాగితం మీది బొమ్మ చూసి ఇనుము కోయాలి, కొలతలు తెలియాలి, ఆవిరి ఎలా పనిచేస్తుందో తెలియాలి. ఈ ఇల్మ్ ఏ మున్షీ ఇంట్లోనూ దొరికేది కాదు. మన షరీఫ్ ఖాందాన్లు చాలాకాలం చేతి పనిని చిన్నచూపు చూశాయి. అది మనకు చాలా మహంగా పడింది, ఇప్పటికీ పడుతోంది. అదే రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఇవాళ్టి మన ఆర్టీసీకి మూలం అది. బస్సు డ్రైవర్లు, బస్సు మెకానిక్‌లు అన్న కొత్త నౌకరీలు దాంతో పుట్టాయి. అంతకుముందు ఆ పేర్లు మన బస్తీల్లో చాలామంది విని ఉండరు. పిల్లలకు ఇవాళ మనం చెప్పే నౌకరీల జాబితా కూడా అంతే, వాళ్లు పెద్దయ్యేసరికి పాతబడిపోతుంది.

ఇక వజీఫాల సంగతి. నాకు ఈ భాగమంటే ఇష్టం, కొంచెం ఎక్కువే రాస్తాను.

సరోజినీ నాయుడు గురించి అందరికీ తెలుసు. కాని ఆమెను స్కూలు పిల్లగా ఎప్పుడైనా ఊహించుకున్నారా? నాన్న అఘోరనాథ్ చట్టోపాధ్యాయ నిజాం కాలేజీ మొదటి ప్రిన్సిపాల్. బెంగాలీ కుటుంబం, హైదరాబాద్‌లో ఇల్లు, ఇంట్లో ఉర్దూ, ఇంగ్లీషు. పన్నెండేళ్లకే మద్రాస్ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పాసైంది. 1895లో, పదహారేళ్ల వయసులో, నిజాం ఇచ్చిన వజీఫాతో ఇంగ్లండ్ వెళ్లింది. లండన్‌లో కింగ్స్ కాలేజ్, తర్వాత కేంబ్రిడ్జ్‌లో గర్టన్. ఇప్పుడు మన ఇంట్లో పదహారేళ్ల బేటీ ఇంకో జిల్లా హాస్టల్‌కు వెళ్తానంటే ఎంత గొడవ జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

రెండో పేరు చాలామంది మరచిపోయారు. మీర్ అహ్మద్ అలీ. తర్వాత నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదుర్ అయ్యారు. 1877 జూలై 11న పుట్టారు. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్, మదర్సా-ఎ-ఆలియా, నిజాం కాలేజీ. ఈ వరసను ఒకసారి గమనించండి. ఒక చోట ఇంగ్లీషు, ఇంకో చోట మన తహజీబ్‌తో పాటు ఆధునిక తాలీం. 1896లో సర్కారీ వజీఫా మీద ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లారు. హిందుస్తాన్‌లో కాలువలు, వంతెనలు కట్టే ఇంజనీర్లను తయారుచేసిన కాలేజీ అది. తిరిగి వచ్చి పబ్లిక్ వర్క్స్‌లో చేరారు, చీఫ్ ఇంజనీర్ అయ్యారు. మంజీరా మీద నిజాంసాగర్ ఆయన కట్టించిందే, 1923లో మొదలై 1931లో పూర్తయింది. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్లివ్వాలని దాని లెక్క. ఆ నీళ్లతో పండిన వరి తిన్నవాళ్లలో హిందువులెందరో, ముసల్మానులెందరో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆయన పుట్టినరోజును తెలంగాణ సర్కార్ ఇంజనీర్స్ డేగా జరుపుతోంది. మన స్కూళ్లలో ఎంతమంది ఉస్తాదులు ఆ రోజున ఆయన పేరు పిల్లలకు చెబుతున్నారో మరి.

ఇద్దరి కథలోనూ వజీఫా ఉంది. కాని వజీఫా ఒక్కటే చాలదు. అది అడిగే వయసుకు పిల్ల చేతిలో రెండో జబాన్, మెట్రిక్ మార్కులు రెండూ ఉండాలి. ఆ తయారీ స్కూల్లోనే జరిగింది. ఇంకో మాట, ఇద్దరూ చదువున్న ఇళ్ల పిల్లలు, పట్నం పిల్లలు. జిల్లాల్లోని రైతు బిడ్డ దాకా ఆ వజీఫా చేరలేదు. ఇది దాచిపెట్టి గతాన్ని మెచ్చుకుంటే అది తారీఖ్ కాదు, ఖసీదా అవుతుంది.

1917లో అక్బర్ హైదరీ అర్జ్‌దాష్త్ మీద ఏడో నిజాం ఫర్మానా ఇచ్చారు. 1919 ఆగస్టులో జామియా ఉస్మానియాలో తరగతులు మొదలయ్యాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, కానూన్, చివరికి డాక్టరీ కూడా ఉర్దూలోనే. హిందుస్తానీ జబాన్‌లో పై చదువులు చెప్పిన ఆధునిక యూనివర్సిటీ అంతకుముందు లేదు. పుస్తకాలు ఎక్కడివి మరి? దాని కోసమే దారుత్తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ వంటివాళ్లు కూర్చుని వందల పుస్తకాలు తర్జుమా చేయించారు. ఒక్కో సైన్సు మాటకు ఉర్దూలో ఏం పెట్టాలని ఆలిములు గంటల తరబడి బహస్ చేసేవారు. ఇప్పుడు మన పిల్లలు "ఫోటోసింథసిస్" అని బట్టీ పట్టి, అర్థం అడిగితే దిక్కులు చూస్తారు. ఆ రోజుల్లో పిల్లవాడికి మాట అర్థమయ్యేది. ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం అయినా ఇంగ్లీషు లాజిమీ సబ్జెక్టు. ఆ నిబంధన పెట్టినవాళ్లకు దూరదృష్టి ఉంది. ఆర్ట్స్ కాలేజ్ ఇమారత్ సంగతీ అంతే. కట్టే ముందు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరిని దునియా చుట్టి యూనివర్సిటీలు చూసి రమ్మని పంపించారు. 1939 డిసెంబర్‌లో ఆ ఇమారత్ తెరుచుకుంది. చిలకలగూడ పిల్లలు దాన్ని సినిమా షూటింగ్ జరిగే చోటుగానో, ఉద్యమాల టీవీ బొమ్మల్లోనో చూస్తారు. ఒక ఆదివారం మీరే తీసుకెళ్లి ఆ కమాన్ కింద నిలబెట్టండి.

అయితే ఇదే తాలీం ఇంకొకరికి ఎలా ఉందో కూడా చూడాలి. రియాసత్‌లో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. వాళ్ల పిల్లలు మెట్రిక్ ఉర్దూలో రాయాలి. 1921లో హైదరాబాద్‌లో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వకీలును గోల చేసి కూర్చోబెట్టారు. ఆ బేఇజ్జతీ నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో తెలుగు ఆడపిల్లల స్కూలు పెట్టారు. ఇక్కడ తెలుగులో మెట్రిక్‌కు దారి లేదని పుణెలోని కర్వే మహిళా యూనివర్సిటీతో కలిపారు. దర్వాజా మూసి ఉంటే కిటికీ వెతికిన మనిషి ఆయన. తమ బేటీల చదువు కోసం వాళ్లు పుణె దాకా పోయారు. మన అమ్మీలు, అబ్బాలు ఈ కథ తప్పకుండా తెలుసుకోవాలి.

1948 సెప్టెంబర్ వచ్చింది. పోలీస్ చర్య. రియాసత్ పోయింది, ఫౌజ్ పోయింది, మరుసటి ఏడు జాగీర్లు రద్దయ్యాయి. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఒక పిల్లవాణ్ని ఊహించుకోండి. 1946లో ఉర్దూ మాధ్యమంలో ఎనిమిదో జమాత్. ఇంకో కొన్నేళ్లలో గ్రాడ్యుయేట్ అయి తహసీల్ దఫ్తర్‌లో చేరాలని అబ్బా ఆశ. 1950 కల్లా ఆ దఫ్తర్ జబాన్ వేరు, అబ్బా నౌకరీ ఉందో లేదో తెలియదు, చాచా కరాచీ వెళ్లిపోయాడు. ఆ పిల్లవాడు సైకిల్ షాపులో చేరితే తప్పెవరిది? వాడు పెద్దయ్యాక తన కొడుకుతో "పఢ్ లిఖ్ కే క్యా కర్తే?" అంటే ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది.

అక్కడితో ఆగలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ కానూన్ వచ్చింది. అదే ఏడు అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. మన గుమ్మం ముందే వేల నౌకరీలు. వాటి ఇమ్తెహాన్లకు కావలసింది ఇంగ్లీషు, లెక్కలు, హునర్. ఎనభై రెండేళ్లలో నౌకరీ జబాన్ మూడుసార్లు మారింది. ఒక నాన్నమ్మ జిందగీలో సరిపోయే కాలం అది.

ఈ మార్పుల్లోంచి నెగ్గుకొచ్చినవాళ్లు ఎవరు? సి.నారాయణరెడ్డిని చూడండి. సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో రైతు బిడ్డ. డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలోనే చదివారు. ఇల్లు తెలుగు, బడి ఉర్దూ. రాజ్యం మారినా ఆయన చేతిలో రెండూ ఉన్నాయి. తెలుగు ఎమ్మే చేసి ప్రొఫెసర్ అయ్యారు, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ్ అందుకున్నారు, తెలుగులో గజళ్లు రాశారు. ఉర్దూ ఆయనకు బరువు కాలేదు, దౌలత్ అయింది. మరి మన పిల్లలకు తెలుగు ఎందుకు దౌలత్ కాకూడదు? ఇల్లు ఉర్దూ, బడి ఇంగ్లీషు, వీధి తెలుగు. మూడూ ముఫ్త్‌గా దొరుకుతున్నాయి. కాని ఇంటి జబాన్ చదవడం రాదు, వీధి జబాన్ రాయడం రాదు, బడి జబాన్ మాట్లాడటం రాదు. నేను ఎందరో పిల్లల్లో చూస్తున్నది ఇదే.

1970ల తర్వాత గల్ఫ్ వచ్చింది. ఇళ్లకు డబ్బు వచ్చింది, కొన్ని ఇళ్లలో తాలీం కూడా వచ్చింది. ఆ కథ వేరుగా రాయాలి.

ఇప్పటి సంగతి. జబాన్ విషయంలో దర్వాజాలు ఇదివరకటికంటే తెరుచుకున్నాయి. నీట్ 2018 నుంచి ఉర్దూలో కూడా రాయవచ్చు, తెలుగులో అంతకుముందు నుంచే ఉంది. జేఈఈ మెయిన్ కూడా 2021 నుంచి రెంటిలో ఉంది. 2007 కానూన్ ప్రకారం బీసీ-ఈ కింద మనలో చాలా వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. సర్టిఫికెట్ మాత్రం ముందే తీసుకుని పెట్టుకోవాలి, అడ్మిషన్ వారంలో పరుగులు పెట్టకండి. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఇప్పుడు రెండు వందలకు పైగా ఉన్నాయి. ఆడపిల్లలకు వేరుగా ఉన్నాయి, ఉండటం, తినడం ముఫ్త్. పై చదువులకు విదేశాలకు వెళ్లే మైనారిటీ విద్యార్థుల కోసం సర్కారీ వజీఫా ఉంది. అలీ నవాజ్ జంగ్ వెళ్లిన దారి ఇప్పుడు నవాబుల బిడ్డలకే కాదు. తగ్గినవీ ఉన్నాయి. కేంద్రం ఇచ్చే మైనారిటీ ప్రీమెట్రిక్ వజీఫాను 2022లో తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశారు, కిందివాళ్లకు తీసేశారు.

దస్వీం తర్వాత ఇంటర్ ఒక్కటే రస్తా అనుకోకండి. పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరవచ్చు. బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువు. ఐటీఐ చేస్తే, పదిలో యాభై శాతం ఉంటే, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌గా దరఖాస్తు పెట్టవచ్చు. వయసు పదిహేను నుంచి ఇరవై నాలుగు, బీసీలకు కొంత సడలింపు. లాలాగూడ మన పక్కనే. ఫిట్టర్ అంటే ముఖం చిట్లించే అబ్బాలు ఒకసారి వర్క్‌షాప్ గేటు దగ్గర షిఫ్టు మారే వేళకు వెళ్లి నిలబడి, బయటికి వచ్చేవాళ్లను పలకరించండి. జీతమెంతో వాళ్లే చెబుతారు.

ఎనిమిదో జమాత్ పిల్లలున్న ఇళ్లకు ఇంకొకటి. సర్కారీ, ఎయిడెడ్, లోకల్ బాడీ స్కూళ్లలో చదివేవాళ్లకు ఎన్‌ఎంఎంఎస్ అనే ఇమ్తెహాన్ ఉంది. పాసైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏటా 12,000 రూపాయలు. ఇంటి ఆమ్‌దనీ ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. దరఖాస్తు స్కూలు ద్వారానే వెళ్లాలి, కాబట్టి ఈ వారమే హెడ్‌మాస్టర్ గారిని కలిసి ఆఖరి తేదీ అడగండి.