హైవే అవతలి కరెంటు బిల్లు

ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో పీజీ కేంద్రం తెరిచింది 1967లో. ఆ మొక్కే 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. సెప్టెంబరు 11న అప్పటి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. తర్వాత పేరు ముందు ‘ఆచార్య’ చేరింది. ఒంగోలులోని దాని పీజీ కేంద్రం ఇప్పుడు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం. స్వర్ణోత్సవ సంచికలో ఈ చరిత్ర వైస్ ఛాన్సలర్ల ఫొటోలతో సహా ఎలాగూ ఉంటుంది. నేను రాయబోయేది మన క్యాంపస్‌కు హైవే అవతలి మిల్లుల సంగతి.

అదే 1976లో అమెరికా ఒక చిన్న పని మొదలుపెట్టింది. 1973 చమురు సంక్షోభంతో ఇంధనం ధర చుక్కలనంటితే పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి, చిన్న కర్మాగారాలు కుదేలయ్యాయి. వాటి దగ్గరికి విశ్వవిద్యాలయాల నుంచి ఆచార్యులను, విద్యార్థులను పంపారు. ఒక రోజంతా మిల్లు తిరిగి, మీటర్లు పెట్టి కొలిచి, ఎక్కడ ఎంత వృథా అవుతోందో, సరిచేస్తే ఎన్నాళ్లకు ఖర్చు తిరిగొస్తుందో రాసిచ్చేవారు. యజమాని నుంచి పైసా తీసుకునేవారు కాదు. ఇలా 20 వేలకు పైగా తనిఖీలు జరిగాయి. ఒక్కో విశ్వవిద్యాలయ కేంద్రం సుమారు 150 మైళ్ల లోపు మిల్లులను చూసేది. ఆ గిరిని మన క్యాంపస్ ఉన్న నాగార్జున నగర్ చుట్టూ గీస్తే గణపవరం స్పిన్నింగు మిల్లులు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, చీమకుర్తి గ్రానైటు, మార్కాపురం పలకలు అన్నీ లోపలే పడతాయి.

మన చట్టం సంగతి వేరు. 2001 ఇంధన పొదుపు చట్టం ప్రకారం ఇలాంటి ఇంధన తనిఖీ (ఆడిట్) తప్పనిసరి అయ్యేది భారీ వినియోగదారులకే. బట్టల రంగంలో ఆ గీత ఏడాదికి 3,000 టన్నుల చమురుకు సమానమైన ఇంధనం. పత్తి జిన్నింగు మిల్లు ఆ దరిదాపులకు కూడా పోదు. చట్టం బలవంతం లేదు, ఆడిటరుకు ఫీజు ఇచ్చే ఓపికా లేదు. బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చిన్న పరిశ్రమల పథకంలో భీమవరం ఐసు ఫ్యాక్టరీలను, వరంగల్ రైసు మిల్లులను చూసింది. గుంటూరు కోల్డ్ స్టోరేజీలకూ అలాంటి చూపు కావాలి.

ఆడిట్ అనగానే పెద్ద యంత్రాలు ఊహించుకోనక్కర్లేదు. మొదటి పని పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని చదవడం. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కు వాడినా వాడకపోయినా కాంట్రాక్టు డిమాండులో కనీసం 80 శాతానికి డిమాండు చార్జీ పడుతుంది. ఎప్పుడో విస్తరిద్దామని ఎక్కువ రాయించుకుని, విస్తరణ మానేసిన మిల్లు ఏళ్ల తరబడి గాలికి డబ్బు కడుతుంది. యూనిట్లు కేవీఏహెచ్‌లో లెక్కిస్తారు కాబట్టి పవర్ ఫ్యాక్టరును నిలబెట్టే కెపాసిటర్లు పాడైతే ఆ భారం కూడా బిల్లులోకే వస్తుంది. ఈ రెండూ కనిపెట్టడానికి కాగితం, పెన్సిలు చాలు.

తర్వాత మోటార్లు. కాలిన మోటారును పారేయం, చుట్టించి మళ్లీ ఎక్కిస్తాం. రెండు మూడు చుట్టింపులయ్యాక అది అదే పనికి ఎక్కువ కరెంటు తాగుతుంది. మేస్త్రీకి వేడి తెలుస్తుంది, యూనిట్లు తెలియవు. కొన్ని మిల్లుల్లో పత్తిని కుప్ప నుంచి జిన్నుల దాకా గాలితో లాగే ఫ్యాను ఉంటుంది. ఆ పని బెల్టు కన్వేయరు చాలా తక్కువ కరెంటుతో చేస్తుంది. 2000లో మొదలైన పత్తి టెక్నాలజీ మిషన్‌తో ఆధునీకరించుకున్నవారికి ఇది కొత్త ముచ్చట కాదు.

నాకు మరింత ఆసక్తి మిర్చి వైపు. గుంటూరు మిర్చి యార్డులో ధర కుదరని టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీకి చేరతాయి. గుంటూరు చుట్టూ అవి వందకు పైనే. బోరు నీళ్ల సున్నం కండెన్సరు గొట్టాలకు పేరుకుంటే కంప్రెసరు ఎక్కువసేపు ఆడుతుంది. గదిని కావలసినదానికన్నా చల్లబరచడం ఇంకో దుబారా. అమ్మోనియా ఆవిరయ్యే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పైకి జరపగలిగితే కంప్రెసరు కరెంటులో సుమారు 3 శాతం మిగులుతుంది. సరుకు చెడుతుందేమోనని యజమాని భయపడతాడు, ఆ భయంలో తప్పేమీ లేదు. అది తీరాలంటే గదిలో నాలుగు మూలలా థర్మామీటర్లు పెట్టి వారాల తరబడి రాసుకునేవాళ్లు కావాలి. అంత తీరిక విద్యార్థికే ఉంటుంది.

చిక్కల్లా క్యాలెండరుతోనే. స్టోరేజీలు నిండి కంప్రెసర్లు ఊపిరాడకుండా తిరిగేది ఏప్రిల్, మే నెలల్లో. సరిగ్గా మన పరీక్షలు, సెలవులు అప్పుడే. ప్రాజెక్టు సెమిస్టరును మిర్చి సీజనుకు జరపాలంటే ముందు ఒప్పుకోవలసింది మిల్లు యజమానులు కాదు, పరీక్షల విభాగం.