ఇంట పుట్టిన విమానము

విమానమును నిర్మించుట మహాయంత్రశాలల పనియనియు, దానిని నడుపుట శిక్షణ పొందినవారి వృత్తియనియు లోకమున స్థిరపడిన అభిప్రాయము. ఫ్రాన్సు దేశీయుడగు ఆన్రీ మిన్యే (1893–1965) దీనిని అంగీకరింపలేదు. ఆతడు రేడియో విద్య యెరిగినవాడేకాని వైమానికశాస్త్ర పండితుడు కాడు. సామాన్యవిమానమున చేతులకొక పని, కాళ్లకొక పని ఏకకాలమున ఉండును. ఆ పొందిక ఆతనికి పట్టుబడలేదు. అన్యులైనచో ఆ విద్య తమకు రాదని విరమించుకొందురు. మిన్యే, లోపము తనది కాదు, విమానమునదేయని తలంచి దానినే మార్చబూనెను.

పెక్కు ప్రయత్నముల పిమ్మట ఆతని పదునాలుగవ నమూనా 1933 సెప్టెంబరు 10న స్వాసోను పట్టణ సమీపమున ఎగిరెను. దానికి ఆతడు పెట్టిన పేరు ‘పూ ద్యు సియెల్’, అనగా ఆకాశపు పేను. కొయ్య, పలుచని చెక్కపలకలు, గుడ్డ, ఒక చిన్న యంత్రము: ఇవియే దాని సామగ్రి. ఒకే మనిషికి చోటు. ముందొక రెక్క, దాని వెనువెంటనే మరియొక రెక్క. చేతికర్రను వెనుకకు లాగినచో ముందురెక్క వాలు పెరిగి విమానము పైకి లేచును. పక్కకు త్రిప్పినచో చుక్కాని కదలును. కాళ్లకు పనియే లేదు.

1934లో మిన్యే తన అనుభవమును, నిర్మాణక్రమమును ‘ల స్పోర్ ద లేర్’ అను గ్రంథమున వివరించెను. వడ్రంగపు పనిముట్లు పట్టగల సామాన్యులు ఫ్రాన్సునందును బ్రిటనునందును కొట్టములలో విమానములు కట్టనారంభించిరి. 1935 ఆగస్టులో మిన్యే స్వయముగా ఇంగ్లీషు ఛానెలును దాటుటతో ఆ ఉత్సాహము ద్విగుణమయ్యెను.

అంతలోనే అపశ్రుతి వినవచ్చెను. కొన్ని విమానములు ముక్కు క్రిందికి వాల్చి, మరల లేవక నేలను కూలెను. నడుపువారు మరణించిరి. 1936లో బ్రిటనునందలి ఫార్న్‌బరోలోను, ఫ్రాన్సునందలి షాలే మ్యుదోనులోను విమానమును పెద్ద గాలిసొరంగములలో నిలిపి పరీక్షింపగా రహస్యము బయటపడెను. క్రిందికి దూకుచున్న విమానమును లేపుటకై కర్రను లాగినప్పుడు, రెండు రెక్కల నడుమ సందునుండి గాలి వేగముగా దూసికొనిపోయి వెనుకరెక్కకు బలము హెచ్చించును. తోక లేచును, ముక్కు మరింత వంగును. ప్రాణరక్షణకై చేసిన పనియే ప్రాణాంతకమయ్యెను. అనుభవజ్ఞునికైనను దీనినుండి తప్పించుకొను మార్గము లేదు. బ్రిటనునందు వానికి అనుమతులిచ్చుట ఆగిపోయెను.

మిన్యే రెక్కల అమరికను సవరించెను. జీవితాంతము క్రొత్త నమూనాలు కల్పించుచునే యుండెను. కాని ప్రజలలో సన్నగిల్లిన నమ్మకము మునుపటివలె తిరిగి రాలేదు.

అయినను ఆతని ఆశయము నశింపలేదు. 1953లో అమెరికాయందలి విస్కాన్సిన్ రాష్ట్రమున పాల్ పోబెరెజ్నీ మున్నగువారు స్వయంనిర్మాతల సంఘము నొకదానిని స్థాపించిరి. నేడు ఆ దేశమున నిర్మాణములో అధికభాగము స్వహస్తములతో చేసినవారి విమానములను ప్రత్యేకవర్గముగా నమోదు చేయుదురు. అయితే అట్టి విమానము పరీక్షకులు చూడనిదే ఎగురరాదు. తొలుత కొంతకాలము నిర్ణీత ప్రాంతమునందే, ఇతర ప్రయాణికులు లేకుండ ఎగురవలెను.

మిన్యే సామాన్యునకు ధైర్యమిచ్చెను. గాలిసొరంగము ఆ ధైర్యమునకు హద్దు చూపెను. తన చేతిపనిపై తనకు గల నమ్మకము రెక్కలను కట్టగలదు. వానిని పరుల పరీక్షకు ఒప్పగించు వినయమే మనిషిని సుఖముగా నేలకు దించగలదు. ఈ రెండవ పాఠమునకు మూల్యము చెల్లించినవారు, తమ కొట్టములలో ఒంటరిగా రెక్కలు కట్టుకొని ఎగిరిన ఆ తొలినాటి సామాన్యులే.