పందెం తీసేస్తే మిగిలే ఆట

నూజివీడు, ముసునూరు ప్రాంతంలో పేకాట వార్త ఎక్కువగా ఒకే తీరులో వస్తుంది. మామిడి తోటలో శిబిరం, పోలీసుల దాడి, పట్టుబడ్డవాళ్ల లెక్క, చివర నగదుతోపాటు పేకముక్కలు స్వాధీనం. ఒక నేరానికి రెండు వస్తువులను కలిపి కట్టేయడం మనకు ఎంత అలవాటైందంటే, పేక అన్న మాటలోనే జూదం ఉన్నట్టు అనుకుంటాం. పిల్లల చేతిలో పేకకట్ట కనబడితే పెద్దలు లాగేసుకుంటారు. ఇంటిని గుల్ల చేసిన ఆటను చూసినవాళ్లకు ఆ భయం ఉండటం న్యాయమే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ముక్కల చరిత్రను, ఆటల నియమాలను పక్కపక్కన పెట్టి చూస్తే దోషం కాగితానిది కాదని, పందేనిదేనని తేలుతుంది. అందుకు నాకు కనబడే గట్టి సాక్ష్యం మనం పెద్దగా పట్టించుకోని ఆట: ఒక్కరే కూర్చుని ఆడే సాలిటేర్.

ముందు ముక్కలు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం. బాబరు 1527లో సింధు పాలకుడికి గంజీఫా ముక్కలు పంపినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. అక్బరు ఆడిన ముక్కల వివరాలను అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో ఇచ్చాడు. అవి గుండ్రటి, చేతితో చిత్రించిన ముక్కలు. మొగలుల కట్టలో 8 గుర్తులు, ఒక్కో గుర్తుకు 12 చొప్పున 96 ముక్కలు. దక్కనుకు వచ్చేసరికి దశావతారాల కట్ట పుట్టింది: 10 అవతారాలు, 120 ముక్కలు, ఒక్కో అవతారానికి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు అంకెలు. తెలుగునాట కర్నూలు సీమలోని నొస్సంలోనూ, తెలంగాణలోని నిర్మల్‌లోనూ చిత్రకారులు ఈ ముక్కలు తయారుచేశారు. దశావతార ఆటలో ముగ్గురు కూర్చుంటే ఒక్కొక్కరికి 40 ముక్కలు. పగలైతే రాముడి రాజు ఉన్నవాడు, రాత్రయితే కృష్ణుడి రాజు ఉన్నవాడు మొదలుపెడతాడు. సగం గుర్తుల్లో పది పెద్దది, తక్కిన సగంలో ఒకటే పెద్దది. పడిన ముక్కలన్నీ జ్ఞాపకం పెట్టుకోలేనివాడు ఆ ఆటలో ఒక్క పట్టూ పట్టలేడు. డబ్బు పెట్టి ఆడినవాళ్లు ఆనాడూ ఉండే ఉంటారు. అయినా అవతారాలను బొమ్మ గీసి, పగటికీ రాత్రికీ వేరువేరు నియమం పెట్టి, 120 ముక్కల జ్ఞాపకం కోరిన ఆటను డబ్బు చేతులు మార్చడం కోసం కల్పించారని నమ్మలేం. ఆ పనికి గవ్వలు చాలు.

ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు ఉన్న 52 ముక్కల కట్ట ఐరోపా వర్తకుల వెంట వచ్చి గంజీఫాను నెట్టేసింది. అచ్చులో దొరికే చవక కాగితం ముందు చేతి చిత్రం నిలవలేకపోయింది. ఐరోపాలో ఆ కట్టతోనే 18వ శతాబ్దం చివర ఒంటరి ఆట పుట్టింది. దాని ప్రస్తావన మొదట జర్మన్ ఆటల పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇంగ్లండులో దాన్ని పేషెన్స్ అన్నారు. 1870 ప్రాంతంలో లేడీ అడిలైడ్ కడోగన్ బొమ్మలతో పుస్తకం వేశాక అది ఇంటింటి ఆట అయింది. ఇందులో వందల రకాలున్నా క్లోండైక్ ఒక్కటి తెలిస్తే మిగతావాటి పద్ధతి అర్థమవుతుంది. కట్ట బాగా కలిపి ఏడు వరసలు వేయాలి: మొదటిదానిలో ఒకటి, రెండోదానిలో రెండు, అలా ఏడోదానిలో ఏడు, మొత్తం 28. ప్రతి వరసలో చివరి ముక్క మాత్రమే తెరిచి, మిగతావి బోర్లించాలి. మిగిలిన 24 చేతికట్ట. వరసల్లో ముక్కలు పెద్దదానినుంచి చిన్నదానికి దిగుతూ, ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు వచ్చేలా పేర్చాలి. నల్ల తొమ్మిది మీద ఎర్ర ఎనిమిది పడుతుంది, నల్ల ఎనిమిది పడదు. తెరిచిన ముక్కను కదిపితే కిందిది తెరుచుకుంటుంది. ఖాళీ అయిన వరసలో రాజుకు మాత్రమే చోటు. పక్కన నాలుగు పునాదులు: ఒక్కో గుర్తుకు ఒకటి, ఆసుతో మొదలై రాజు దాకా ఎక్కాలి. వరసల్లో కుదిరేది లేనప్పుడు చేతికట్టలోంచి ఒకటి గానీ మూడేసి గానీ తీసి చూడాలి. నాలుగు పునాదుల మీదా రాజులు కూర్చుంటే గెలుపు.

ఈ నియమాల్లో ఎదుటి మనిషి లేడు. ఓడిపోయేవాడి జేబు లేదు. అయినా ప్రతి అడుగులో నిర్ణయం ఉంది: రెండు ఎర్ర ఎనిమిదుల్లో ఏది కదపాలి, ఆసు దొరకగానే రెండునూ పైకెక్కించాలా, లేక దాన్ని వరసలోనే ఉంచి ఇంకో ముక్కకు ఆసరా చేయాలా? అదృష్టమూ ఉంది. మూడేసి ముక్కలు తీసే క్లోండైక్‌లో బోర్లా ఉన్నవి కూడా తెలుసనుకుని కంప్యూటర్ల చేత ఆడించిన లెక్కల్లో నూటికి సుమారు 82 పంపకాలు గెలవదగ్గవని తేలింది. మనిషికి ఆ బోర్లా ముక్కలు కనబడవు కాబట్టి అన్ని గెలుపులు దక్కవు. ఈ అదృష్టం, నేర్పుల కలయికే 1946లో జబ్బునుంచి కోలుకుంటున్న గణితవేత్త స్టానిస్లా ఉలమ్‌ను ఆలోచనలో పడేసింది. ఒక సాలిటేర్ పంపకం గెలిచే అవకాశం ఎంత అన్నది సూత్రాలతో లెక్కకట్టడం కష్టమైంది. దానికన్నా ఎన్నోసార్లు పంచి, ఎన్ని గెలిచాయో లెక్కపెట్టడమే తేలికని ఆయనకు తోచింది. మాంటే కార్లో పద్ధతి మొలకెత్తింది ఆ ఆలోచనలోనే. తర్వాత అణుశాస్త్రం నుంచి ఆర్థికశాస్త్రం దాకా అది పాకింది.

ఇప్పుడు ఒక పరీక్ష పెట్టి చూద్దాం. ఏ ఆటలోనుంచైనా పందెం తీసేస్తే ఏం మిగులుతుంది? సంక్రాంతి బరుల పక్కన సాగే కోతముక్కలో లోపలా బయటా అని డబ్బు పెట్టాక ఆడేవాడు చేయవలసింది ఏమీ లేదు. ముక్క ఎటు పడితే అటు. డబ్బు తీసేస్తే అక్కడ ఆటే లేదు. రమ్మీలో డబ్బు తీసేసినా ఆట నిలుస్తుంది. రైళ్లలో, పెళ్లిళ్ల విడిదిలో జనం ఆడుతూనే ఉంటారు. సాలిటేర్‌లో తీసేయడానికి పందెమే లేదు, ఆట మొత్తం మిగులుతుంది. మూడింటికీ కట్ట అదే.

మన చట్టం ఈ ప్రశ్న చుట్టూ చాలాకాలం తిరిగింది. కౌటిల్యుడు జూదానికి అధ్యక్షుణ్ని పెట్టి, గెలుపులో నూటికి ఐదు రాజుకు రావాలన్నాడు. మనుస్మృతి పాచికల వంటి ప్రాణంలేని వాటితో ఆడేదాన్ని ద్యూతమనీ, ప్రాణులతో ఆడించేదాన్ని సమాహ్వయమనీ విడదీసి, రెంటినీ ఆపమంది. ఇద్దరి చూపూ పందెం మీదే. 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు కొలత మార్చింది. మూడుముక్కలాట కేవలం అదృష్టమనీ, రమ్మీలో పడిన ముక్కల జ్ఞాపకం, ఏది ఉంచుకోవాలో ఏది వేయాలో తెలిసిన నేర్పు ప్రధానమనీ చెప్పింది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం కూడా నేర్పు ఆటలకు మినహాయింపునిచ్చింది. రమ్మీ గురించి కోర్టు చెప్పింది నిజమే. కానీ నేర్పు ఉందన్న మాట పందేనికి రక్షణ కాకూడదు. నేర్పు ఎక్కువ పనిచేసే ఆటలో నేర్పు లేనివాడి డబ్బు మరింత ఖాయంగా పోతుంది, అందులో ఓదార్పు ఏముంది? ఫోనులోకి రమ్మీ వచ్చాక ఈ సంగతి ఎన్నో కుటుంబాలకు తెలిసొచ్చింది. దాన్ని ఆపడానికే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నేర్పు, అదృష్టం అన్న తేడా లేకుండా నిషేధించింది. పందేన్నే కొలతగా తీసుకున్న పాత చూపుకు ఇది తిరిగి రావడం, నా దృష్టిలో సరైన అడుగు.

అభ్యంతరాలు ఉన్నాయి. సాలిటేర్ కూడా మడి కట్టుకోలేదు కదా అనవచ్చు. అమెరికాలో రిచర్డ్ కాన్‌ఫీల్డ్ తన జూదగృహంలో 50 డాలర్లకు కట్ట అమ్మి, పునాదికి ఎక్కిన ప్రతి ముక్కకూ 5 డాలర్లు ఇచ్చేవాడని చెబుతారు. ఒంటరి ఆటను కూడా జూదం చేయవచ్చని అది చూపిస్తుంది. కానీ అక్కడ మారింది నియమాలు కావు, బయటివాడు తెచ్చిపెట్టిన ధర. రెండో అభ్యంతరం ముసునూరు నేల మీదే ఉంది. పూత మీదే తోటను గుత్తకు తీసుకునే వ్యాపారి కూడా పందెం కాసినట్టే కదా? తేనెమంచు పురుగు పట్టినా, గాలివాన వచ్చి కాయ రాలినా పెట్టుబడి పోతుంది. ఈ వాదన బలమైనదే, కానీ అదే పరీక్ష దీనికీ పెడదాం. గుత్త డబ్బు మందు కొట్టడానికి, కాపలాకి, కోతకు ఖర్చవుతుంది. చివర చిన్నరసాలో బంగినపల్లో బుట్టల్లోకి దిగుతాయి. రైతూ వ్యాపారీ ఇద్దరూ లాభపడే ఏడు ఉంటుంది. కోతముక్కలో ఒకడు గెలిచింది సరిగ్గా మరొకడు పోగొట్టుకున్నదే.

ఒక్కరే ఆడే ఆట మన పద్ధతి కాదు, కాలహరణం అన్నది ఇంకో మాట. తమిళనాట వామనగుంటలను సీత పేరుతో ఒక్కరే ఆడే రివాజు ఉంది, కాబట్టి ఇది పరాయిది కాదు. కాలహరణం సంగతికి వస్తే, 1990లో విండోస్ 3.0తో సాలిటేర్ వచ్చాక ఆఫీసుల్లో పని గంటలు దానికి బలైన మాట నిజమే. అయితే మౌసుతో వస్తువును పట్టి లాగడం జనానికి అలవాటు చేసింది కూడా ఆ ఆటే. అతిగా ఆడితే ఏ ఆటైనా గంటలు తింటుంది, సొమ్ము తినేది మాత్రం పందెమే. కాబట్టి వేసవి సెలవుల్లో పిల్లలకు ఏడు వరసలు వేయడం నేర్పండి, డబ్బు పెట్టే ఆట జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి.